ప్రయాణపు ఫొటోలు చూపించి పనికొచ్చే విమర్శ రాబట్టడం ఎలా?

హంపి చూసి వచ్చారు. ఫోనులో వందల ఫొటోలున్నాయి. బాగా వచ్చాయనుకున్నవి ఓ ముప్పై ఏరి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "సూపర్", "చాలా బాగున్నాయి", చప్పట్లు కొట్టే బొమ్మలు, పెద్దమ్మగారి నుంచి "ఎండలో జాగ్రత్తగా తిరిగారా?" అనే పలకరింపు వచ్చాయి. ఆ ఆప్యాయత విలువ దానిదే. అయితే మీరు ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకుంటున్నారు. ఈసారి లేపాక్షి వెళ్లినప్పుడు ఇంతకంటే మంచి ఫొటో తీయాలనుకుంటున్నారు. అందుకు వీటిలో ఏ మాటా సాయపడదు.

సాయపడే మాట ఎదుటివారి నుంచి రావాలంటే ముందు మనం చేయవలసిన పని కొంత ఉంది. ఏ ఫొటో చూపించాలి, దాన్ని ఎలా పంపాలి, ఏమని అడగాలి, వచ్చిన మాటను ఏం చేయాలి అన్నవి నేర్చుకుంటే వచ్చే విషయాలే. కెమెరా సెట్టింగుల మీద పెట్టే శ్రద్ధలో సగం వీటి మీద పెట్టినా ఫలితం త్వరగా కనిపిస్తుందని నా గట్టి నమ్మకం. ఉదాహరణలు ఎక్కువగా హంపి నుంచే ఇస్తాను. తెలుగువాళ్లం కుటుంబాలతో సహా వెళ్లే చోటు అది. పైగా అక్కడి ఎండ, బండరాళ్లు, ఎత్తైన గోపురాలు కొత్తవారికి గట్టి పరీక్షే పెడతాయి.

మొదట ఏరండి

తీసిన ఫొటోలను రెండు భాగాలు చేయండి. పుట్టిలో కూర్చుని తుంగభద్ర దాటుతున్న అమ్మ, హోసపేట బస్టాండులో నిద్రకళ్లతో ఇడ్లీ తింటున్న పిల్లలు ఇంటి జ్ఞాపకాలు. వీటిని విమర్శకు పెట్టకండి. అమ్మ మొహం సగం నీడలో పడిందని ఎవరైనా అంటే మీ మనసు నొచ్చుకుంటుంది, అన్నవారూ ఇబ్బంది పడతారు. మిమ్మల్ని ఎరగనివారు, ఆ ఊరు చూడనివారు చూసినా వారికి ఏదో ఒకటి అందాలని మీరు కోరుకునే ఫొటోలను రెండో భాగంలో ఉంచండి. మన పని వాటితోనే.

ఇంటికి చేరిన రాత్రే ఏరడానికి కూర్చోకండి. వారం, పది రోజులు ఆగండి. తెల్లవారకముందే మాతంగ కొండ ఎక్కిన ఆయాసం, పైకి చేరగానే తగిలిన చల్లగాలి ఇంకా ఒంట్లో ఉన్నప్పుడు ప్రతి ఫొటో గొప్పగానే కనిపిస్తుంది. చూసేవారికి ఆ ఆయాసం, ఆ గాలి తెలియవు. ఫ్రేములో ఏముందో అదే తెలుస్తుంది. కొన్నాళ్లు గడిస్తే మీరు కూడా కొంతవరకు బయటివారి కళ్లతో చూడగలుగుతారు.

ఒకే వస్తువును ఒకే చోట నిలబడి తీసిన ఫొటోల్లో ఒక్కటే మిగల్చండి. విఠల ఆలయంలో రాతి రథం ముందు అందరం అరడజను తీస్తాం. 50 రూపాయల నోటు మీద చూసిన రథం కళ్లెదుట నిలబడితే చేయి ఆగదు. ఆ ఆరూ పంపి "ఏది బాగుంది?" అని అడిగితే, చూసేవారి ఓపికంతా ఏరడంతోనే అయిపోతుంది. ఏరడం మీ బాధ్యత. ఫోను గ్యాలరీలో గోరంత సైజులో ఉన్నప్పుడు ఏది కంటికి ఆనుతోందో చూడండి. అంత చిన్నగా ఉన్నా ఆకారం స్పష్టంగా తెలుస్తోందంటే కూర్పు, అంటే ఫ్రేములో వస్తువుల అమరిక, బలంగా ఉన్నట్టే. తరవాత పెద్దది చేసి ఫోకస్ చూసుకోండి. వీలుంటే అలా మిగిలిన పదీ పదిహేనింటిని 6×4 అంగుళాల ప్రింట్లు వేయించి నేల మీద పరచండి. ఆ సైజుకు 1800×1200 పిక్సెళ్లు సరిపోతాయి కాబట్టి మామూలు ఫోనుతో తీసినవీ చక్కగా వస్తాయి. తెర మీద వేలితో తోసేసే బొమ్మ కంటే కాగితం మీది బొమ్మ దగ్గర మనిషి ఎక్కువసేపు ఆగుతాడు. చివరికి మూడు మిగలాలి. ఒక్కటే మిగిలితే ఇంకా మంచిది.

ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో రాయండి

కొత్తవారిలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఎవరికైనా చూపించే ముందు ప్రతి ఫొటోకూ ఒక వాక్యం రాసుకోండి. ఇది చూసినవారికి ఏం తెలియాలి, లేదా ఏం అనిపించాలి? "అందమైన హంపి" అని రాస్తే ఏమీ రాయనట్టే. "ఉగ్రనరసింహుడి విగ్రహం మనిషి ముందు ఎంత పెద్దదో తెలియాలి" అని రాస్తే అది ఉద్దేశం. "మధ్యాహ్నం ఈ బండల మధ్య నీడ ఎంత కరువో తెలియాలి" అన్నా ఉద్దేశమే.

ఆ వాక్యం రాయగానే సగం విమర్శ మీరే చేసుకోగలుగుతారు. ఉగ్రనరసింహ విగ్రహం ఎత్తు 6.7 మీటర్లు. ఫ్రేమంతా విగ్రహంతోనే నింపి, పక్కన మనిషి కూడా లేకుండా తీస్తే ఆ ఎత్తు చూసేవారికి తెలిసే దారి లేదు. లేపాక్షి నందికీ ఇదే వర్తిస్తుంది. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. కొలతకు పక్కన ఏదీ లేకపోతే అది పార్కులో పెట్టిన బొమ్మంతగా కనిపిస్తుంది. గండికోటలో ఇబ్బంది మరో రకం. లోయంతా ఫ్రేములో పట్టాలని ఫోనులో వైడ్ యాంగిల్ లెన్సు పెడతాం. ఆ లెన్సు కాళ్ల దగ్గరి రాళ్లను పెద్దవిగా, అవతలి గట్టును, అడుగున పారే పెన్నను చిన్నవిగా చూపిస్తుంది. "లోతు చూసి గుండె ఝల్లుమనాలి" అని మీరు రాసుకుని ఉంటే, ఫొటోలో ఆ లోతే పోయిందని వెంటనే తెలిసిపోతుంది.

ఎంత ఆలోచించినా వాక్యం కుదరని ఫొటో ఒకటి ఉంటుంది. ఎందుకు నచ్చిందో చెప్పలేరు, కానీ నచ్చింది. దాన్ని పక్కన పడేయకండి. దాని కోసం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది, అడిగే దగ్గర చెబుతాను.

పంపే ముందు సరిచూసుకోండి

నీటి అంచు, మండపం కప్పు, దిగంతరేఖ ఒరిగి ఉంటే నిటారు చేయండి. ఒరిగిన గీత ఉంటే చూసేవారు మొదట దాన్నే చెబుతారు, అసలు సంగతి దాకా రారు. మీకు తెలిసిన తప్పును అలాగే ఉంచి పంపడం వారి సమయాన్ని వృథా చేయడమే. అంతకుమించి ఎడిటింగ్ తేలికగా ఉంచండి, అసలు ఫైలును మాత్రం ముట్టుకోకుండా దాచండి.

ఎడిట్ చేసేటప్పుడు ఫోను తెర వెలుగును మధ్యస్థంగా పెట్టుకోండి. వెలుగు పూర్తిగా పెంచి సరిచేస్తే, అవతలివారి ఫోనులో మీ ఫొటో చీకటిగా కనిపిస్తుంది. రాత్రివేళ కళ్లకు హాయిగా ఉండేందుకు తెరను పసుపుగా మార్చే సౌకర్యం ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఆ పసుపును తగ్గించబోయి మీకు తెలియకుండానే ఫొటోలో నీలం పెంచేస్తారు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి సన్నని వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. ఫోకస్ గురించి అడగదలచుకుంటే డాక్యుమెంటుగానే పంపాలి. కూర్పు గురించి మాత్రమే అయితే పొడవు వైపు 2048 పిక్సెళ్లున్నా చాలు. డాక్యుమెంటుతో పాటు తీసిన సమయం, షట్టర్ స్పీడ్ (కెమెరా ఎంతసేపు వెలుగును లోపలికి తీసుకుందన్న లెక్క), జీపీఎస్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా వెళతాయి. షట్టర్ స్పీడ్ తెలిస్తే విమర్శకు మేలు. మీరు బస చేసిన ఇల్లు, అక్కడి పిల్లలు కనిపించే ఫొటో అయితే చోటు వివరం తీసేసి పంపండి.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుడి మెట్ల మీది సాధువు, పూలమ్మే ఆమె, అరకు వైపు థింసా ఆడే స్త్రీలు మీ ప్రయాణానికి అలంకారాలు కారు. ముఖం స్పష్టంగా ఉన్న ఫొటోను పదిమందిలో పెట్టాలంటే, తీసేటప్పుడు వారిని అడిగి ఉండాలి. ఫొటోలు తీయకూడదని రాసి ఉన్న చోట తీసినదాన్ని అసలు తేకండి. మాటలన్నీ దాని మీదకే పోతాయి, పోవాలి కూడా.

ఎవరికి చూపించాలి?

అందరికీ ఒకేసారి పంపకండి. ఒకరి మాట చదివి ఇంకొకరు దానికే వంత పాడతారు. ముగ్గురు నలుగురిని ఎంచుకుని విడివిడిగా అడగండి.

ఫొటోగ్రఫీ తెలియని ఒకరు వారిలో తప్పకుండా ఉండాలి. కూర్పు సూత్రాలు వారికి తెలియవు, ఏం కనిపించిందో అదే చెబుతారు. "ఇన్ని గుళ్లు తీశావు, మనవాళ్లెవరూ లేరేం?" అని బాబాయిగారు అడిగితే తేలిగ్గా తీసుకోకండి. ఆ ఫొటోల్లో కన్ను పట్టుకోవడానికి మనిషి దొరకలేదని ఆయన తన మాటల్లో చెబుతున్నారు. రెండో వ్యక్తి మీకంటే ఒకటి రెండేళ్లు ముందున్నవారైతే మంచిది. మీరిప్పుడు ఎదుర్కొంటున్న చిక్కుల్లోంచి ఈమధ్యే బయటపడ్డారు కాబట్టి దారి వారికి ఇంకా గుర్తుంటుంది.

మూడోవారి గురించి ఒక సలహా ఇస్తాను. మీ ఊళ్లో ఏళ్ల తరబడి ఫొటో స్టూడియో నడుపుతున్నవారి దగ్గరికి ప్రింట్లు పట్టుకుని వెళ్లండి. పెళ్లిళ్ల సీజన్‌లో కాకుండా తీరికగా ఉండే మధ్యాహ్నం చూసుకుని "అయ్యా, కొత్తగా నేర్చుకుంటున్నాను, ఒక్క ఫొటో చూసి చెబుతారా?" అని అడగండి. ముఖం మీద వెలుగు ఎలా పడాలి, ప్రింటులో ఏ నీడ నల్లగా పూడిపోతుంది అన్నవి వారికి చేతిలో పని. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో విధానాన్ని లోకానికి వెల్లడించింది. ఏటా ఆ దినోత్సవానికి మన పట్టణాల్లోనూ ఫొటోగ్రాఫర్లు కూడుకుంటారు, ప్రదర్శనలు పెడతారు. పరిచయాలు చేసుకోవడానికి అది మంచి సందర్భం.

ఏమని అడగాలి?

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే జవాబు వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఎక్కడో, ఎప్పటి నుంచో చెప్పాలి. ఫొటోకూ అంతే.

అడిగే సందేశంలో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఎక్కడ, ఎప్పుడు తీశారు, మీ ఉద్దేశం ఏమిటి, ఇప్పటికే ఏం మార్చారు, మీకున్న ఒక్క సందేహం ఏమిటి. ఇలా రాయవచ్చు:

"ఇది హంపిలో మాతంగ కొండ మీది నుంచి సూర్యోదయం అయిన కాసేపటికి తీసిన ఫొటో. కింద అచ్యుతరాయ ఆలయం, దాని ముందు నుంచి నది వైపు సాగే పాత బజారు వీధి ఉన్నాయి. ఆ వీధి పొడవు చూసేవారికి తెలియాలన్నది నా ఆలోచన. కాస్త వెలుగు పెంచాను, క్రాప్ చేయలేదు. ముందు భాగంలో ఉన్న పెద్ద బండ ఆ పొడవును చూపడానికి సాయపడుతోందా, అడ్డం పడుతోందా?"

ఇది చదివినవారు ఏం చూడాలో, దేని గురించి చెప్పాలో తేల్చుకోగలుగుతారు. రంగుల మీదో కెమెరా కంపెనీ మీదో చర్చ మళ్లదు. "కొత్తగా నేర్చుకుంటున్నాను" అని ఒక్క ముక్క చేర్చండి. వారు మీకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు. "తప్పులుంటే మన్నించండి, ఏదో తోచినట్టు తీశాను" అని మాత్రం రాయకండి. అలా రాస్తే ఎదుటివారు ఓదార్చడం మొదలుపెడతారు. మనకు కావలసింది అది కాదు.

ఫొటోగ్రఫీ తెలియనివారికి వేరే ప్రశ్న వేయండి. "ఇది చూడగానే మీ కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది? తరవాత ఎక్కడికి?" ఈ రెండూ చాలు. వీటికి సరైన జవాబు, తప్పు జవాబు అని ఉండవు కాబట్టి ఎవరైనా మొహమాటం లేకుండా చెబుతారు. మీరు వీధి చూపించాలనుకుంటే, ముగ్గురి కన్నూ మూలనున్న నీలం రంగు నీళ్ల ట్యాంకు మీదకు వెళ్లిందంటే మీకు కావలసిన విమర్శ వచ్చేసినట్టే. వాక్యం కుదరని ఫొటో అన్నాను కదా, దానికి అడగవలసినది: "ఇందులో మీకు ఏం కనిపిస్తోంది? ఎక్కడ ఎక్కువసేపు ఆగారు?" మీకెందుకు నచ్చిందో ఒక్కోసారి వారి జవాబులో దొరుకుతుంది.

కొన్ని ఫొటోలకు ఇంకో పరీక్ష పెట్టాలి. విరూపాక్ష ఆలయం లోపల ఒక చీకటి గదిలో, చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు వల్ల ప్రధాన గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. కెమెరా పనిచేసే సూత్రమే అది. చూసినవారికి ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఫొటోలో అది గోడ మీది మసక మరకలా ఉండిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఫొటోను ఒకరికి వివరణ లేకుండా, ఇంకొకరికి వివరణతో పంపండి. వివరణ లేకుండా చూసినవారికి ఏమీ తోచకపోతే, ఆ ఫొటో ఒంటరిగా నిలబడదని అర్థం. రంధ్రం కనిపించేలా ఇంకొకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టాలేమో ఆలోచించండి.

మాట వచ్చాక

జవాబు రాగానే సంజాయిషీ ఇవ్వకండి. "అక్కడ అంతకంటే వెనక్కి వెళ్లే చోటు లేదండి", "అప్పటికే ఎండ పైకొచ్చేసింది" అన్నవి నిజాలే కావచ్చు. కానీ అవి చెప్పడం మొదలుపెట్టగానే ఎదుటివారు విమర్శ ఆపేసి మర్యాదలోకి దిగుతారు. వారన్న మాటను వారి మాటల్లోనే పుస్తకంలో రాసుకోండి. అర్థం కాకపోతే ఒక్కటే అడగండి: "ఫొటోలో ఏ చోట మీకలా అనిపించింది?" మబ్బు మబ్బుగా ఉన్న విమర్శ ఈ ప్రశ్నతో చాలావరకు విడిపోతుంది. ఆ రోజుకు ధన్యవాదాలు చెప్పి ఊరుకోండి. మర్నాడు ఫొటో తెరిచి వారన్న చోటు చూడండి.

తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి వెనక ఏముంటుందో తెలిస్తే వెతకడం సులువు.

"గజిబిజిగా ఉంది" అన్నది హంపి ఫొటోలకు ఎక్కువగా వచ్చే మాట. రాతి మండపం, దాని వెనక రాతి కొండ, ముందు రాతి నేల. అన్నిటిదీ ఒకే రంగు, నడినెత్తి ఎండలో అన్నిటిదీ ఒకే వెలుగు. కన్నుకు ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియదు. మీరు అక్కడ నిలబడి చూసినప్పుడు రెండు కళ్లూ దూరాలను విడదీసి చూపించాయి, ఫొటోలో ఆ సాయం లేదు. పక్క నుంచి ఎండ పడే ఉదయం, సాయంత్రం వేళల్లో ప్రతి స్తంభానికీ ఒక నీడ వైపు ఏర్పడి ఆకారాలు విడివడతాయి. లేదా కాస్త కిందికి కూర్చుని, మండపం అంచు వెనకనున్న కొండను దాటి ఆకాశం మీద పడేలా చూడాలి. ఎడిటింగ్‌లో దీనికి పూర్తి వైద్యం లేదు.

"ఆకాశం తెల్లబోయింది" అంటే వెలుగు ఎక్కువై అక్కడ వివరమంతా పోయిందన్న మాట. హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటి, వెలుగుల పాళ్లు చూపే గ్రాఫు) కుడి గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది. జేపెగ్ ఫైలులో అలా పోయినది తిరిగి రాదు. తీసేటప్పుడే తెర మీద ఆకాశాన్ని తాకి వెలుగు తగ్గించుకోవాలి. అంతకంటే ముఖ్యం వేళ ఎంచుకోవడం. విరూపాక్ష ఆలయ ప్రధాన గోపురం తూర్పు ముఖంగా ఉంటుంది. బజారు వీధి నుంచి ఉదయం తీస్తే ఎండ గోపురం మీద పడుతుంది. అదే చోటు నుంచి సాయంత్రం తీస్తే సూర్యుడు గోపురం వెనక ఉంటాడు. అప్పుడు ఆకాశమైనా తెల్లబోవాలి, గోపురమైనా నల్లబడాలి.

"గోపురం వెనక్కి పడిపోతున్నట్టుంది" అని ఎవరైనా అంటే, మీరు దగ్గరగా నిలబడి ఫోనును పైకి వంచి తీశారని అర్థం. దాదాపు 50 మీటర్ల ఎత్తున్న తొమ్మిది అంతస్తుల గోపురం అది. వీధిలో బాగా వెనక్కి వచ్చి ఫోను నిటారుగా పట్టుకుంటే గీతలు నిలబడతాయి. ఇప్పటికే తీసినదాన్ని స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో పర్‌స్పెక్టివ్ పరికరంతో కొంత సరిచేయవచ్చు. పక్కల ఖాళీ వదిలి తీసి ఉంటేనే అది కుదురుతుంది.

"మసకగా ఉంది" అంటే మూడు కారణాల్లో ఒకటి. ఫొటో మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే మీ చేయి కదిలింది. కదిలే మనిషి మాత్రమే మసకగా, వెనకనున్న స్తంభాలు స్పష్టంగా ఉంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. మనిషి కాకుండా ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది. చేతితో పట్టుకుని తీసేటప్పుడు 50 మిల్లీమీటర్ల లెన్సుకు సెకనులో 50వ వంతు కంటే తక్కువ సమయం ఉంచాలన్నది పాత లెక్క. ఇప్పటికీ మొదలుపెట్టడానికి మంచి లెక్కే.

"రంగులు ఎక్కువయ్యాయి" అన్న మాట వస్తే వాదించకుండా అసలు ఫైలు పక్కన పెట్టి చూడండి. చెట్టు ఆకులు, మనిషి చర్మం, బండరాయి ఈ మూడూ అబద్ధం చెప్పవు. హంపి బండలు నారింజపండు రంగులోకి వచ్చాయంటే తగ్గించాల్సిందే.

కొన్ని మాటలు ఫొటో గురించి కాకుండా మీ గురించి ఉంటాయి. "నీకెందుకు ఇవన్నీ" లాంటివి. అందులో ఏ చోటూ లేదు, ఏ కారణమూ లేదు. పుస్తకంలో రాసుకోనక్కర్లేదు.

గమనించింది వేరు, ఇచ్చిన సలహా వేరు

నేను అన్నిటికంటే నొక్కి చెప్పదలచుకున్నది ఇదే. ప్రతి విమర్శలోనూ రెండు భాగాలు కలిసి ఉంటాయి. ఒకటి, చూసినవారికి ఏం జరిగింది. రెండు, మీరేం చేసి ఉండాల్సిందని వారు అనుకుంటున్నారు. మొదటిది దాదాపు ఎప్పుడూ నిజమే. వారి కన్ను అక్కడికి వెళ్లింది, వెళ్లలేదని మీరు చెప్పలేరు. రెండోది వారి అభిరుచి, వారి అలవాటు. దాన్ని తీసుకోవచ్చు, మానవచ్చు.

రాతి రథం ఫొటోలో అంచున ఎర్ర చొక్కా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడనుకోండి. "ఆయన్ని తీసేయాల్సింది" అని ఒకరన్నారు. గమనింపు ఏమిటి? రథం కంటే ముందు ఎర్ర చొక్కా కంటపడుతోంది. అది నిజం. తీసేయడం అన్నది ఒక మార్గం మాత్రమే. అంచు దగ్గర క్రాప్ చేయవచ్చు. ఎరుపు ఒక్కదాన్ని కాస్త తగ్గించవచ్చు. నలుపు తెలుపులోకి మార్చి చూడవచ్చు. ఈసారి వెళ్లినప్పుడు ఆయన కదిలేదాకా ఆగవచ్చు. లేదా ఆయన్నే రథం చక్రం పక్కకు వచ్చేదాకా ఎదురుచూసి, కొలతకు వాడుకోవచ్చు.

ఫోనులో మనుషుల్ని, వైర్లను చెరిపేసే సౌకర్యం ఇప్పుడు ఒక్క వేలి పని. ప్రయాణపు ఫొటోలో దాన్ని వాడటం నాకు ఇష్టం లేదు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపిలో తీసిన ఫొటోల్లో ఇదే రాతి రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం కనిపిస్తుంది. ఈరోజు అక్కడ అది లేదు. రథం పైభాగం ఒకప్పుడు ఎలా ఉండేదో మనం చూడగలుగుతున్నామంటే, ఆయన ఉన్నదున్నట్టు తీసి ఉంచడం వల్లే. ఈ సంవత్సరం హంపి ఎలా ఉందో మీ ఫొటో కూడా చెబుతుంది, ఎర్ర చొక్కాతో సహా. చెరిపినప్పుడు కనీసం చెరిపానని చెప్పండి. లేకపోతే మీరు తీయని ఫొటో మీద విమర్శ అడుగుతున్నట్టు అవుతుంది.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే కంగారు పడనక్కర్లేదు. మాతంగ కొండ ఫొటోలో ముందున్న బండను కోసేయమని ఒకరు, అదే అందమని ఒకరు అనవచ్చు. మీరు రాసుకున్న వాక్యం దగ్గరికి వెళ్లండి. వీధి పొడవు తెలియాలి అన్నారు కదా. దగ్గర వస్తువు ఒకటి ఉంటే దూరం పెరిగినట్టు తోస్తుంది, కాబట్టి బండ కొంత ఉండాలి. అది ఫ్రేములో సగం ఆక్రమిస్తే వీధికి చోటు ఉండదు, కాబట్టి కొంత తగ్గాలి. ఇద్దరి మాటా కలిపి చూస్తే, ఆ బండ దగ్గర ఏదో తేడా ఉందన్నది మాత్రం ఖాయం. వేర్వేరు వ్యక్తులు వేర్వేరు సలహాలతో ఒకే చోటికి వేలు చూపిస్తే ఆ చోటును నమ్మండి.

ముఖ్యమైన వస్తువును ఫ్రేము మధ్యలో కాక మూడో వంతు దగ్గర ఉంచాలనే మూడింట ఒక వంతు సూత్రాన్ని ప్రతి ఫొటోకూ వర్తింపజేసేవారు ఒకరు తప్పకుండా తగులుతారు. రెండు వైపులా సమంగా ఉన్న మండపానికి సరిగ్గా మధ్యలో నిలబడి తీయడమే సబబు. ఆ సలహాను గౌరవంగా విని పక్కన పెట్టండి.

కాపీ మీద చేసి, తిరిగి చూపించండి

ఫైలుకు కాపీ తీసి, వచ్చిన సలహాల్లో చేయగలిగినవి ఒక్కొక్కటిగా చేసి చూడండి. నచ్చని సలహా కూడా ఒకసారి చేసి చూడాలి. ఎందుకు నచ్చలేదో కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఒక్కో కాపీలో ఒక్క మార్పే ఉండాలి. నాలుగూ కలిపి చేస్తే ఏది మేలు చేసిందో అంతుపట్టదు.

తరవాత సలహా ఇచ్చినవారికే పాతది, కొత్తది రెండూ పంపి "మీరన్న బండను ఇంతమేరకు తగ్గించాను, ఇప్పుడు వీధి ముందు కనిపిస్తోందా?" అని అడగండి. చాలామంది విమర్శ విని మాయమైపోతారు. మీరు చేసి చూపించినప్పుడు, తన మాటకు విలువ ఇచ్చారన్న సంతోషంతో ఆ వ్యక్తి మీకోసం మరింత జాగ్రత్తగా చూస్తారు. ఒక గురువు దొరికే దారి ఇది.

మీరూ ఇతరుల ఫొటోల గురించి చెప్పడం అలవాటు చేసుకోండి. కొత్తవారికి ఆ అర్హత లేదనుకోవద్దు. సలహా ఇవ్వనక్కర్లేదు. "నా కన్ను ముందు ఇక్కడికి వెళ్లింది, తరవాత ఇక్కడ ఆగింది" అని చెప్పగలిగితే చాలు. పక్కవారి ఫ్రేములో అంచులు వెతకడం అలవాటైతే, షట్టర్ నొక్కే ముందు మీ ఫ్రేములో అంచులూ వెతుకుతారు.

పుస్తకంలో రాసుకున్న మాటలు నెలకోసారి తిరగేయండి. వేర్వేరు ఫొటోలకు, వేర్వేరు మనుషుల నుంచి ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంటుంది. కొందరికి అది ఒరిగిన దిగంతరేఖ, కొందరికి తల వెనక మొలిచిన స్తంభం, కొందరికి కొలత లేని విగ్రహం. తరవాతి ప్రయాణంలో ఆ ఒక్కదాని మీదే పని చేయండి. లేపాక్షిలో నంది దగ్గరికి వెళ్లగానే, నంది పక్కగా ఎవరైనా నడిచి వచ్చేదాకా నిలబడటమే ఆ రోజు పాఠం అనుకోండి. తిరిగొచ్చాక ఆ ఫొటో ఒక్కటీ ఎంచుకుని, హంపి ఫొటోకు ఆ మాట చెప్పినవారికే పంపండి. ఈసారి ఉద్దేశం చెప్పకుండా "నంది ఎంత ఎత్తుంటుందని మీకు తోస్తోంది?" అని మాత్రం అడగండి. వారి అంచనా 15 అడుగులకు దగ్గరగా వస్తే, తరవాతి సందేహానికి వెళ్లవచ్చు.